రెండో తొట్టి నీళ్లు

అశ్వని కార్తె, మొదట్లో

తక్కెడ దగ్గర కూర్చునే మనిషి రోజూ ఏదో ఒకటి రాసి పెట్టాలట. నాకు ముందు కూర్చున్నాయన రాశాడు, ఆయనకు ముందావిడ రాసింది, కాబట్టి నేనూ రాయాలట. ఏం రాయను? పొద్దున్నే లేచాను, పంపులో నూనె చూశాను, సూది తుడిచాను. నిన్నా ఇదే, రేపూ ఇదే. అయినా మా కోల్డు పెద్ద బ్రహ్మయ్య బాబాయి ఊరుకోడు. "రాయవే దీనమ్మా, నీ తర్వాతోళ్లకి కావాలి" అంటాడు. నా తర్వాతవాళ్లు వచ్చేదాకా ఈ యంత్రం బతికుండొద్దూ?

సరే, రాస్తున్నాను. దీని అసలు పేరు మాస్ స్పెక్ట్రోమీటరు. మాకందరికీ ఇది తక్కెడ. నీళ్లను సన్న సూది కొసనుంచి తుంపరగా చిమ్మి, వాటిలో కలిసి ఉన్నవాటిని అణువు అణువుగా తూచి బరువు చెబుతుంది. ఎప్పుడో ఇక్కడ మిర్చి వ్యాపారం జరిగేది. ఎండుమిర్చిని ఓడెక్కించే ముందు అందులో పురుగుమందు ఎంత మిగిలిందో చూసుకోవడానికి దీన్ని కొన్నారు. ఏ మందు కనిపిస్తే పైదేశాలవాళ్లు సరుకు తిప్పి పంపేవాళ్లో, ఆ మందుల పేర్లే దీనికి నేర్పారు. నేను పేరు పెట్టి అడగాలి, అది ఉందో లేదో చెప్పాలి. అడగనిదానికి నోరు విప్పదు. పాతకాలం పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్ల లాంటిది.

ఆ మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, పేర్చిన కోల్డ్ స్టోరేజీ గదుల్లోనే ఇప్పుడు మేముంటున్నాం, మా కోల్డంటే ఇదే. గోడలు మందం కాబట్టి బతికి ఉన్నాం. పొద్దు కాస్త పైకెక్కితే పెద్ద తలుపు మూసేస్తారు, మళ్లీ పొద్దు వాలేదాకా బయట మనిషన్నవాడు కనపడడు. మిర్చి ఘాటు గోడల్లోంచి ఇంకా పోలేదు. వేసవిలో గోడకు ఆనుకుని పడుకున్నవాళ్లు తుమ్మీ తుమ్మీ నా ప్రాణం తీస్తారు.

పాత బోర్లు ఎండిపోయాయని వాగు పక్కన కొత్త బోరు వేశారు. తవ్వుతుంటే పాత పురుగుమందుల గోడౌను పునాదులు తేలాయి. నేను వద్దన్నాను. "నీళ్లు పడ్డ చోటే తాగాలి గదమ్మా" అన్నాడు బ్రహ్మయ్య బాబాయి. అదీ నిజమే. ఈరోజు ఆ నీళ్లు తక్కెడలో పెట్టి ఒక్కొక్క పేరే అడిగాను. క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు ఉందని చెప్పింది. కొద్దిగానే, పెద్దవాళ్లు గీసి పెట్టిన గీతకు లోపలే. మొదటి తొట్టి దాటాక కాస్త తగ్గింది. అందులో ఇసుక, బొగ్గు ఉంటాయి. బొగ్గు మార్చి ఎన్నాళ్లయిందో అడిగితే ఎవరూ మాట్లాడరు. రెండో తొట్టి దాటాక మాత్రం సున్నా. ఉత్త సున్నా.

రెండో తొట్టి మా చెల్లెలి మొగుడు, మా మరిది సైదులు కట్టింది. ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి బ్లీచింగు నీళ్లు తయారు చేస్తాడు, వాటిని ఆ తొట్టిలో పట్టిస్తాడు. కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు ఆ నీళ్లే. ఒక ఏడు విరేచనాలు పట్టుకుని ఇక్కడ పసిపిల్లలు పోయారు. మా చెల్లెలు ఎస్తేరు తొలిచూలు బిడ్డ కూడా పోయింది. సైదులు ఆ బిడ్డను పాతిపెట్టి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఈ తొట్టికి గోడ కట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఈ కోల్డులో విరేచనాలతో ఒక్క పిల్లా పోలేదు. ఎస్తేరు ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది.

తల్లుల నీళ్లకు సున్నా వస్తే గంట కొట్టాలి, మూడుసార్లు. గంట మోగనిదే తల్లులు ఆ నీళ్లు ముట్టరు. వాగవతల ఇంకో కోల్డు ఉంది, కొత్త బోరు పైపు వాళ్లకూ పోతుంది. మా గంట విని వాళ్లు వాళ్ల గంట మూడుసార్లు కొడతారు, విన్నాం, సంతోషం అని. ఫోను టవర్లన్నీ విరిచి మంచాలు చేసుకున్న మాకు కబురంటే ఇంతే. గంట కొట్టే పని మొన్నటిదాకా నాది. బ్రహ్మయ్య బాబాయి ముచ్చట పడి, సున్నా వస్తే వెలిగేట్టు నా తలుపు మీద ఆకుపచ్చ లైటు పెట్టించుకున్నాడు. దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేను బయటికొచ్చి తల ఊపాకే కొట్టాలని ఒప్పందం. పోనీలే, పెద్దాయనకు అదొక సరదా.

అశ్వని కార్తె, చివర్లో

మూడో గదిలో నూర్జహాన్‌కు, ఆమె మొగుడికి పెద్ద రభస అయింది. చంటిబిడ్డ తల్లి. కొన్నాళ్లుగా చెమటలు, నోటినిండా నీళ్లు, కడుపులో మెలిపెట్టే నొప్పి. బిడ్డ కూడా మెడ వాల్చేసి పాలు సరిగ్గా తాగడం లేదు. మొగుడు పని ఎగ్గొట్టే నాటకాలన్నాడు. ఆ మాటతో అది బిడ్డను చంకనేసుకుని తెల్లారగానే వాగు దాటి, అవతలి కోల్డులో ఉన్న పుట్టింటికి పోయింది. మంచి పని చేసింది. నేనైతే పోయేముందు వాడి కంచం కూడా పట్టుకుపోయేదాన్ని.

సాయంత్రం ఎస్తేరు నా గదికి వచ్చింది. ఊరికే రాదు, ఇక్కడ యంత్రం కోసం గది చల్లగా పెడతామని వస్తుంది.

"దీపం తగ్గించావా అక్కా?"

"లేదే. రోజూ ఉండేదే."

"మరి ఇంత చీకటిగా ఉందేంది? గదులన్నీ మసకమసగ్గా ఉన్నయ్."

"సరిగ్గా తిను. కడుపుతో ఉన్న మనిషి గుప్పెడు మెతుకులు తింటే చీకట్లు కమ్మక ఇంకేం కమ్ముతయ్?" అని కసిరాను.

అది నవ్వి నా భుజం మీద తల పెట్టింది. జాకెట్టు చెమటతో ముద్దయి ఉంది. ఇంత చల్లటి గదిలో చెమటేమిటని అడిగితే, కడుపులో ఉన్నది సైదులు బిడ్డ కదా, తండ్రిలాగే ఊరుకోలేక లోపల కొలిమి ఊదుతుందేమో అంది.

బోరు నీళ్లలో మందు నిరుటి వానకు ఊరిందో ఏమో, రోజురోజుకూ కొంచెం పెరుగుతోంది. రెండో తొట్టి దాటాక మాత్రం అదే సున్నా. ఆ తొట్టి దాన్ని ఏం చేస్తోందని ఒకసారి అనుకున్నాను. కాల్చేస్తోందని నాకు నేనే జవాబు చెప్పుకుని సూది తుడవడంలో పడ్డాను.

భరణి కార్తె

నిన్నా ఈరోజూ ఎస్తేరుకు నీళ్ల సూడిద పెట్టాం.

మా నాయనమ్మల కాలంలో సూడిదలంటే చలిమిడి, అరిసెలు, చీరా సారె. ఇప్పుడు బెల్లం ఎక్కడిది, బియ్యప్పిండి ఎక్కడిది? గదికొక కడవ. ఎవరి వంతు నీళ్లు వాళ్లు ఆ పూట తాగకుండా మిగిల్చి, కడవకు పసుపు రాసి తెచ్చి, కడుపుతో ఉన్న మనిషి పేరు చెప్పి రెండో తొట్టిలో పోస్తారు. ఈ ఎండల్లో మనిషి తన నీళ్లు వదులుకోవడమంటే మాటలు కాదు. ఇరవయ్యో గది ముసలమ్మ కడవ మోయలేక చెంబుతో తెచ్చింది. నాకు ఏడుపొచ్చింది. తక్కెడ దగ్గర కూర్చుని కూర్చుని నేనూ ఇనుమైపోయానని అనుకునేదాన్ని, కాలేదు.

సైదులు తొట్టి అంచున నిలబడి ఒక్కొక్కరి కడవా అందుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. నీళ్లు ఎక్కువైనందుకు బ్లీచింగు కూడా ఎక్కువ కలిపాడు. మర్నాటికి ఊరాక నేను చూశాను, సున్నా వచ్చింది, పెద్దాయన గంట కొట్టాడు, వాగవతలి నుంచి జవాబు వచ్చింది. ఎస్తేరును పీట మీద కూర్చోబెట్టి తొలి గ్లాసు చేతికిచ్చాం. మొత్తం తాగేసి గ్లాసు తలకిందులు చేసి చూపించింది. చిన్నప్పటినుంచీ దానికదే అలవాటు, గ్లాసులో చుక్క మిగల్చదు.

దాని నోట్లో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. చెంగుతో తుడుచుకోవడం చూసి ఆడవాళ్లు నవ్వారు. పుల్లటిది ఏమన్నా పెట్టండే పిల్లకి అని ఒకటే వేళాకోళం. నేనూ నవ్వాను.

భరణి కార్తె, చివర్లో

పోయిన వారం నూర్జహాన్ తిరిగొచ్చింది. మొగుడు వాగు దాటి వెళ్లి కాళ్లబేరానికి దిగితే వచ్చింది. వచ్చినప్పుడు మనిషి నిగనిగలాడుతూ ఉంది, బిడ్డ కాళ్లు చేతులు ఆడిస్తూ ఉంది. మంత్రసాని అంకమ్మత్త చూసి "పుట్టింటి గాలి సోకితే ఆడది లేచి కూకుంటది" అంది. అందరం అవునన్నాం.

వారం తిరక్కుండానే నూర్జహాన్ మళ్లీ మంచం ఎక్కింది. అవే చెమటలు, అదే నొప్పి. మొగుడి మొహం చూస్తే వచ్చే జబ్బు అని నవ్వుకున్నారు. ఈసారి పాపం వాడే బిడ్డను ఎత్తుకుని తిరుగుతున్నాడు. రెండో తొట్టి నీళ్లు ఒక గ్లాసు ఎక్కువ పట్టమని సైదులు చెప్పాడు. తన వంతు తగ్గించుకుని ఇస్తున్నాడు కూడా.

నిన్న ఎస్తేరు పొయ్యి దగ్గర కూలబడింది. కనురెప్ప దానంతటది అదురుతోంది. మోచేతి దగ్గర చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండ కదులుతోంది. అంకమ్మత్త రెప్ప ఎత్తి దీపం దగ్గరికి తెచ్చింది. ఈ చీకటి గదుల్లో మా అందరి కంటిపాపలూ గోళీకాయలంత ఉంటాయి. ఎస్తేరుది ఆవగింజంతే ఉంది.

"ఇంత చిన్నగా నేనెప్పుడూ సూడలా" అంది అంకమ్మత్త. ఆమె చూడలేదంటే నాకు భయం వేసింది. ఈ కోల్డులో పుట్టినవాళ్లందరినీ ఆమే బయటికి లాగింది.

కృత్తిక కార్తె

ఎస్తేరుకు ఊపిరి గురగురమంటోంది. మొన్న ఒళ్లంతా కొట్టుకుని కాసేపు తెలివి తప్పింది. కడుపులో బిడ్డ కదలిక తగ్గింది. సైదులు దాని తల ఒళ్లో పెట్టుకుని రెండో తొట్టి నీళ్లు చెంచాతో పోస్తూ కూర్చున్నాడు. పోసినకొద్దీ దానికి పొలమారుతోంది. ఇంకా పోశాడు.

అంకమ్మత్త నన్ను పక్కకు పిలిచింది. "దీనమ్మా, ఇంకోసారి ఇట్టా ఒళ్లు కొట్టుకుంటే తల్లి దక్కదు, బిడ్డా దక్కదు. నా చేతుల్లో ఏం లేదు. ఆ నూర్జహాను అక్కడికి బోతే బాగుపడింది గదా, దీన్ని కూడా వాగు దాటించండి."

ఇంకేం తోచలేదు. తెల్లవారుజామునే చక్రాల మంచం మీద పడుకోబెట్టి, తడిగుడ్డ కప్పి, నలుగురు తోసుకుంటూ అవతలి కోల్డుకు చేర్చారు. నేను వాగు ఒడ్డుదాకా వెళ్లాను. అది నా చెయ్యి వదల్లేదు. "భయపడబాకక్కా" అని అదే నాకు చెప్పింది. నా చెల్లెల్ని నేనే ఎత్తుకుని పెంచాను, అది పోతే నేనెందుకు ఉండాలో నాకు తెలియదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

సైదులు వెంట వెళ్లాడు. అక్కడ రెండో తొట్టి లేదు. "నా పెళ్లాంతో ఉత్త బోరునీళ్లు తాగిస్తానా వదినా? పోయింది మొదలు తొట్టి కడతా" అన్నాడు. బ్లీచింగు నీళ్లు చేసే కరెంటు పలకలు మిగిలినవి ఉంటే మూటగట్టి ఇచ్చాను.

కృత్తిక కార్తె, చివర్లో

మంచి కబురు వచ్చింది. ఎస్తేరు లేచి కూర్చుందట. పండుమిరపకాయల పచ్చడి కావాలని అవతలివాళ్లను పీడిస్తోందట. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బ్రహ్మయ్య బాబాయి అటువైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

నూర్జహాన్ మాత్రం ఇక్కడే ఉంది, మంచం దిగలేదు. ఈసారి పుట్టింటికి పంపమంటే మొగుడు కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. పంపరా అని తిట్టి వచ్చాను.

రోహిణి కార్తె, పొద్దున

సైదులు చీకటి విడవకముందే వాగు దాటి వచ్చాడు. చంకలో సీసా, తడి గోనెపట్టాలో చుట్టి ఉంది. ఒళ్లంతా మట్టి, మొహం నిండా సంతోషం.

"తొట్టి అయింది వదినా. వాళ్లంతా సాయం పట్టారు. పునాదిలో వాళ్ల ముసలోళ్లు కూడా మట్టి మోశారు. అటు బోరు దగ్గర గదా, నీళ్లు జోరుగా వస్తన్నయ్. బ్లీచింగు మన దానికన్నా రెండింతలు పట్టించా. నువ్వు సున్నా అంటే చాలు, మన గంట వింటానే తాగిస్తారు. కడవలన్నీ పసుపు రాసి పెట్టుకుని కూకున్నారు."

"అది ఎట్టుంది?"

"తిరుగుతంది. చూపు తెరిపిన పడింది. బిడ్డ తంతందంట, నా చెయ్యి పెట్టి చూపిచ్చింది." ఆ మాట చెబుతూ తలవంచుకున్నాడు, సిగ్గుపడ్డాడు.

"ఇన్నాళ్లూ ఏం నీళ్లు తాగింది?"

"ఏం తాగుద్ది, బోరునీళ్లే. తొట్టి లేదుగా. అదే నాకు బాధ."

అతన్ని కాసిని అంబలి తాగమని పంపి సీసా తక్కెడకు ఎక్కించాను. క్లోరోపైరిఫాస్ అని అడిగాను. లేదంది. సున్నా. తలుపు మీద లైటు వెలిగిన చప్పుడు టిక్కుమని వినిపించింది. లేచి వెళ్లి తల ఊపాలి. లేవలేకపోయాను.

బోరునీళ్లే అన్నాడు. నూర్జహాన్ కూడా అక్కడున్నన్నాళ్లు బోరునీళ్లే తాగింది. బోరు ఒకటే, పైపు ఒకటే. ఉత్త నీళ్లు తాగినవాళ్లు తిరుగుతున్నారు. ఇక్కడ మేమందరం మొదటి తొట్టి నీళ్లు తాగి దుక్కల్లా ఉన్నాం. పడిపోయిందల్లా రెండో తొట్టి తల్లులే. గాలీ లేదు, పుట్టిల్లూ లేదు. రెండుచోట్లకూ తేడా తొట్టి ఒక్కటే.

నీళ్లను తక్కెడలోకి నడిపించే మెథనాల్, ఆఖరి మంచి సీసా, బీరువాలో దాచుకున్నాను. అది తీశాను. ఈసారి పేరు పెట్టి అడగలేదు. ఏముంటే అది తూచి చూపించు అని వదిలేశాను. ఇలా వదిలితే చాలాసేపు పడుతుంది, కరెంటు తింటుంది, అందుకే ఎవరం చేయం.

క్లోరోపైరిఫాస్ బరువు మూడువందల యాభై దగ్గర రావాలి. అక్కడ ఏమీ లేదు, తుడిచి పెట్టినట్టుంది. దానికి ఇవతల, మూడువందల ముప్పై నాలుగు దగ్గర, నేనెప్పుడూ అడగని చోట, ఒక గీత తెర పైఅంచు దాకా లేచింది. పక్కనే రెండేసి తేడాతో ఇంకో రెండు గీతలు. మొదటి రెండూ ఇంచుమించు సమానం, మూడోది బాగా పొట్టి. క్లోరిన్ మూడు ఉన్నదానికే ఈ మెట్లు వస్తాయి. పాత మందుకూ ఇవే మెట్లు. ఆ గీతకు కారణమైన అణువును తక్కెడలోనే పగలగొట్టి చూశాను. నూటతొంభై ఎనిమిది బరువున్న ముక్క రాలింది. బోరునీళ్లలో మందును పగలగొడితే రాలేదీ ఆ ముక్కే. ఎముక అదే, పైన కప్పుకున్నది మారింది.

బరువులో తగ్గింది పదహారు. ఆ మందులో గంధకం ఒకటి ఉంటుంది, ముప్పై రెండు బరువు. బ్లీచింగు దాన్ని ఊడబీకి అక్కడ ఆక్సిజన్ పెడుతుంది, పదహారు బరువు. గంధకం ఉన్నంతసేపూ ఆ మందు కొంత మందకొడిది. పురుగు ఒంట్లోకి పోయాక, అక్కడ గంధకం పోగొట్టుకుని, అప్పుడు చంపుతుంది. పురుగు ఒంట్లో జరగాల్సిన ఆ పనిని మేము తొట్టిలోనే చేసి, పసుపు రాసిన కడవల్లో పోసి, మా తల్లులకు ఇస్తున్నాం. ఎవరిమీద ప్రేమ ఎక్కువైతే వాళ్లకు ఎక్కువ పోశాం.

మా తొట్టి నీళ్లు కూడా చూశాను, అయ్యేసరికి మధ్యాహ్నం కావచ్చింది. అదే గీత ఉంది. సైదులు తెచ్చిన సీసాలో దానికి నాలుగింతలు ఉంది.

రోహిణి కార్తె, అదే రోజు

ఇదీ రాస్తాను. ఊరికే కూర్చోలేను.

నేను వెనక తలుపు గుండా వంటగదికి పరుగెత్తాను. సైదులు అప్పుడే నిద్రలేచి, పొద్దున తాగిన అంబలి గిన్నె కడుగుతున్నాడు.

"ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు. అక్కడా, ఇక్కడా."

"సున్నా రాలేదా?"

"సున్నానే వచ్చింది. నేను అడిగింది లేదు. అడగనిది ఉంది. మందు పోలేదయ్యా, నీ తొట్టిలో మారుతోంది. మారి ముందుకన్నా చెడ్డదయింది. ఎస్తేరుకు, నూర్జహాన్‌కు వచ్చిన జబ్బు అదే."

అతను గిన్నె కింద పెట్టలేదు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. "నేనా వదినా?" అన్నాడు. "చెంచాతో పోశానే. అది వద్దంటుంటే కూడా పోశానే."

నాకు అతని మీద జాలి వేసింది, నా మీద నాకు కోపం వచ్చింది. "అందరం పోశాం. ఇప్పుడు అది కాదు. గంట మోగలేదు కాబట్టి అక్కడ ఇంకా ఎవరూ తాగి ఉండరు. సాయంత్రం నువ్వే పోయి తొట్టికి గండి కొట్టు" అన్నాను.

ఆ మాట పూర్తి కానే లేదు, గంట మోగింది. మా గంట.

ఒకటి. రెండు. మూడు.

నేను పరుగెత్తేసరికి బ్రహ్మయ్య బాబాయి తాడు వదిలి చేతులు దులుపుకుంటున్నాడు. "కునుకు పట్టిందమ్మా. లేచి చూస్తే లైటు ఎప్పటినించో వెలుగుతంది. ఆ పిల్ల దాహంతో కూకుని ఉంటదని..." నా మొహం చూసి ఆగిపోయాడు. నేను తల ఊపలేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఆయన్ని ఏమనను? లైటు ఆర్పనిది నేను.

వాగవతలి నుంచి జవాబు వచ్చింది. సన్నగా, స్పష్టంగా, మూడు.

సైదులు గోనెపట్టా నీళ్లలో ముంచి తలమీద వేసుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. రోహిణి ఎండ. పెద్ద తలుపు తీయొద్దని ఇద్దరు అడ్డుపడ్డారు. అతను వాళ్లను తోసి గడియ తీశాడు. తెరిచిన సందులోంచి వేడి కొట్టి నా కనుబొమలు కమిలిన వాసన వచ్చింది. అతను వంగి పరుగెత్తడం కనిపించింది, తర్వాత ఆ తెల్లటి వెలుగులో ఏమీ కనిపించలేదు. వాగు దాకా నీడ ఇచ్చే చెట్టు ఒక్కటి లేదు.

నేను గంట తాడు అందుకున్నాను.

మా గంటకు ఒక్క మాటే వచ్చు. తాగండి అని. తాగొద్దు అని చెప్పాలంటే కొట్టకుండా ఊరుకోవాలి, అదే మా పద్ధతి. కొట్టేశాక ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? మూడు కాకుండా పది కొట్టాను, ఇరవై కొట్టాను. ఆపకుండా, లెక్క లేకుండా, పిచ్చిపట్టినట్టు కొట్టాను. ఏదో తేడా ఉందని ఒక్కరికన్నా తడుతుందని, గ్లాసు కింద పెట్టి చెవి ఒగ్గుతారని.

వాళ్లు జవాబు కొట్టారు. నేను ఎంత కొడితే అంతకు. మాకు సంబరం పట్టలేక కొడుతున్నామని అనుకున్నారు. వాళ్లకూ సంబరమే మరి, కొత్త తొట్టి, తొలి సున్నా.

నా అరచేతులు చీరుకుపోయాయి. ఇప్పుడు తాడు బ్రహ్మయ్య బాబాయి లాగుతున్నాడు, లాగుతూ ఏడుస్తున్నాడు. అంకమ్మత్త నూర్జహాన్ మంచం పక్కనున్న చెంబు పట్టుకెళ్లి మోరీలో గుమ్మరించింది. రెండో తొట్టికి కింద బిరడా పీకేశారు, ఆ నీళ్లు పోతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. సైదులు ఇంకా వాగు దగ్గరికి కూడా చేరి ఉండడు.

బాబాయి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అవతల మళ్లీ మోగింది, మూడు.

ఈపాటికి పీట వేసి కూర్చోబెట్టి, తొలి గ్లాసు దాని చేతికి ఇచ్చి ఉంటారు. మా ఎస్తేరు గ్లాసులో చుక్క మిగల్చదు.